ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో లూపుతో చేర్చిన లోపలి ఎలిమెంటు చివరిదానిలో మాత్రమే ఎందుకు మిగులుతుంది?

జావాలో డామ్ పద్ధతిన (ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు మొత్తాన్ని మెమరీలో ఒక చెట్టులా, అంటే ట్రీగా, ఉంచుకునే పద్ధతి) రాసిన మీ ప్రోగ్రాము ప్రతి ‘పుస్తకం’ ఎలిమెంటులో ‘రచయిత’ను, దానిలో ‘పేరు’ను చేర్చవలసి ఉండగా, సేవ్ చేసిన ఫైలులో చివరి పుస్తకానికి తప్ప మరి దేనికీ రచయిత కనిపించడం లేదని అడిగారు. మీరు రచయిత ఎలిమెంటును లూపుకు ముందు ఒక్కసారే సృష్టించి, లూపులో, ఒక ఎలిమెంటును మరోదాని లోపల చేర్చే అపెండ్‌చైల్డ్‌ను మాత్రమే కాల్ చేస్తున్నారు. లోపం అక్కడే ఉంది.

డామ్‌లో ఏ నోడుకైనా (ఎలిమెంటు వంటి ట్రీలోని ఒక్కో భాగానికి) పేరెంట్, అంటే దాన్ని తన లోపల ఉంచుకున్న నోడు, ఒక్కటే ఉంటుంది. అప్పటికే ట్రీలో ఉన్న నోడును మరోచోట అపెండ్ చేస్తే దానికి నకలు తయారు కాదు. పాత చోటునుంచి తొలగి కొత్త చోటికి చేరుతుంది. అందువల్ల మీ రచయిత ఒక్కో పుస్తకం దాటుకుంటూ వెళ్లి చివరిదానిలో ఆగిపోయింది. కొత్త ఎలిమెంటును సృష్టించే క్రియేట్‌ఎలిమెంట్‌ను లూపులోపలికి తెచ్చి, ముందు పేరును రచయితకు, ఆ తరువాత రచయితను ఆ పుస్తకానికి చేర్చండి. ఒకే నమూనాను పదేపదే వాడదలిస్తే నకలు తీసే క్లోన్‌నోడ్‌కు ట్రూ అని ఇవ్వండి; ఫాల్స్ ఇస్తే ఆట్రిబ్యూట్లు వస్తాయి గానీ లోపలి ఎలిమెంట్లు రావు.

కొన్నేళ్ల క్రితం ఒక గ్రంథసూచికను ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి మార్చేటప్పుడు నేనూ ఇదే పొరపాటు చేశాను. ఎర్రర్ ఏదీ రాకపోవడంతో సేవ్ చేసే భాగాన్ని అనుమానిస్తూ రెండు రోజులు గడిపాను. తరువాత అదే పనిని పైథాన్‌లోని ఎలిమెంట్‌ట్రీ అనే లైబ్రరీతో చేసినప్పుడు ఆ పొరపాటే మరో రూపంలో ఎదురైంది. అక్కడ ఎలిమెంటుకు తన పేరెంట్ ఎవరో గుర్తుండదు కనుక, ఒకే రచయిత అన్ని పుస్తకాల కిందా కనిపించి ఫైలు సరిగ్గానే ఉన్నట్టు అనిపించింది. కానీ ఒక చోట పేరు మార్చగానే అన్ని చోట్లా మారిపోయింది. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే చూడగానే పట్టుబడదు. అక్కడ సబ్‌ఎలిమెంట్ వాడితే సృష్టించడం, చేర్చడం ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఈ చిక్కు రాదు.

మీ ఫైలు మూల ఎలిమెంటులో నేమ్‌స్పేస్ (ట్యాగు పేరు ఏ సముదాయానికి చెందినదో చెప్పే గుర్తు) ఉంది కనుక మరొక మాట. ఫైలును డామ్ ట్రీగా చదివే సాధనాన్ని ఇచ్చే డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీ తనంతట తాను నేమ్‌స్పేస్‌ను గుర్తించదు. సెట్‌నేమ్‌స్పేస్‌అవేర్‌కు ట్రూ ఇచ్చి, కొత్త ఎలిమెంట్లను క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్‌తోనే సృష్టించండి. లేకపోతే ట్యాగు పేరు ఒకేలా కనిపించినా, మెమరీలో అది ఏ నేమ్‌స్పేస్‌కూ చెందని ఎలిమెంటుగా ఉండిపోయి, నేమ్‌స్పేస్‌తో వెతికినప్పుడు దొరకదు.

చివరిగా, ట్యాగు పేరుతో ఎలిమెంట్లను వెతికే గెట్‌ఎలిమెంట్స్‌బైట్యాగ్‌నేమ్ ఇచ్చే జాబితా సజీవమైనది, అంటే ట్రీ మారితే అదీ వెంటనే మారుతుంది; పైగా ఎంత లోతున ఉన్న ఎలిమెంట్లనైనా తీసుకువస్తుంది. మీరు పుస్తకం లోపల మళ్లీ ‘పుస్తకం’ పేరుతోనే ఎలిమెంటును చేర్చవలసి వస్తే, లూపు తిరుగుతున్నకొద్దీ జాబితా పెరుగుతూ పోయి లూపు ఎప్పటికీ ముగియకపోవచ్చు. అటువంటప్పుడు నోడ్లను ముందుగా ఒక మామూలు లిస్టులోకి తీసుకుని, ఆ లిస్టుపైనే లూపు నడపండి.