ఏజెంట్‌కి ఇవ్వకండి, బండి మీరే తీసుకెళ్ళండి

"మా నాన్నగారి కారుకి వచ్చే నెలతో 15 ఏళ్ళు నిండుతాయి. వైజాగ్‌లో ఎఫ్‌సీ చేయించాలంటే ఏజెంట్ తప్పదా? ఫెయిల్ చేస్తే బండి అక్కడే ఉంచేస్తారా?" అని అడిగారు కదా. ఏజెంట్ తప్పదనేం లేదు. ఫెయిలైనంత మాత్రాన బండి ఉంచేసుకోరు, బాగు చేయించి మళ్ళీ తెమ్మంటారు. మీరడిగిన దానికి జవాబు ఇంతే. కానీ ఈ ఎఫ్‌సీని, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ని, మనం ఎంత తేలిగ్గా తీసుకుంటామో నాకు బాగా తెలుసు కాబట్టి, ఇంకాస్త చెప్పకుండా ఉండలేను.

మాది గోపాలపట్నంలో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు మోయడానికి ఒక చిన్న లోడు బండి ఉంది. పసుపు ప్లేటు బండి, అంటే వ్యాపారానికి తిప్పే ట్రాన్స్‌పోర్ట్ బండి. మీ కారుకి, మా బండికి రూల్సు వేరు. పసుపు ప్లేటుకి కొత్తలో 2 ఏళ్ళకి ఎఫ్‌సీ ఇస్తారు, 8 ఏళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి చేయించాలి, 8 దాటాక ప్రతి ఏడాదీ వెళ్ళాల్సిందే. మీది తెల్ల ప్లేటు. 15 ఏళ్ళదాకా ఎవరూ పిలవరు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్ అంటారు, ఫారం 25 పెట్టాలి, అప్పుడు బండిని చూస్తారు. అందరూ దాన్ని కూడా ఎఫ్‌సీ అనే అంటారు. బాగుందంటే ఇంకో 5 ఏళ్ళు ఇస్తారు. గడువుకి 60 రోజుల ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి వచ్చే నెల దాకా ఆగక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టండి.

ఇక్కడొక మాట. 15 ఏళ్ళు నిండితే కారు తుక్కుకే అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. మా మావయ్య ఒకాయన అది నమ్మి, చక్కగా నడుస్తున్న కారుని వచ్చిన రేటుకి అమ్మేశారు. ఆ గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. అక్కడ 10 ఏళ్ళు దాటిన డీజిల్, 15 దాటిన పెట్రోలు బండ్ల మీద కోర్టు ఆంక్షలు పెట్టింది. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకి రెన్యువల్ ఆపేసిన మాట కూడా నిజం. మన సొంత కారు మన ఊళ్ళో పరీక్ష పాసైతే హాయిగా నడుపుకోవచ్చు. ఫీజు మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి 15 దాటిన కారుకి 5,000, బైకుకి 1,000. 20 దాటితే 2025 ఆగస్టు నుంచి కారుకి 10,000, బైకుకి 2,000 చేశారు. గ్రీన్ టాక్స్ వేరేగా ఉంటుంది, అది రాష్ట్రానిది. ఆలస్యం చేస్తే కారుకి నెలకి 500 చొప్పున అదనం. మా పసుపు ప్లేటుకైతే రోజుకి 50.

ఇక అసలు సంగతి.

నాలుగేళ్ళ క్రితం దాకా మా బండి ఎఫ్‌సీ ఎప్పుడూ నేను చూడలేదు. ఒక ఏజెంట్ ఉండేవాడు. పొద్దున్న బండి తాళం, కాగితాలు, డబ్బులు ఇస్తే సాయంత్రానికి ఎఫ్‌సీ చేతిలో పెట్టేవాడు. మనకెందుకు తలనొప్పి, పని అయిపోతోంది కదా అనుకునేవాణ్ణి. ఒక ఏడాది ఆయన తిరిగిచ్చిన సాయంత్రం వెనక టైర్ల బోల్టుల మీద కొత్తగా స్పానర్ గీతలు కనిపించాయి. మా డ్రైవర్ని నిలదీస్తే అప్పుడు చెప్పాడు. ఎఫ్‌సీ రోజుకి మంచి టైర్లు అద్దెకి తెచ్చి బిగిస్తారట. బండ్లని పరీక్షించే గ్రౌండ్ నుంచి బయటికి రాగానే అవి విప్పేసి మన అరిగిపోయినవే మళ్ళీ వేస్తారట. మంటలార్పే సిలిండర్ కూడా అద్దెదే, అదొక్కటే రోజంతా పది బండ్లు తిరుగుతుందట. నేను డబ్బిచ్చింది దేనికి? నా బండి బాగున్నట్టు నన్నే నమ్మించడానికా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ టైర్ల మీద మా కుర్రాళ్ళు నలుగురు కూర్చుని పెళ్ళిళ్ళకి వెళ్తున్నారు.

మర్సటేడు ఏజెంట్‌కి ఇవ్వలేదు. టైర్లు ముందే మార్పించాను. గాడిలో 1.6 మిల్లీమీటర్ల లోతుండాలన్నది రూలు. గాడి మధ్యలో చిన్న చిన్న గుబ్బలుంటాయి, టైరు అరిగి వాటి మట్టానికి వచ్చిందంటే మార్చేయాల్సిందే. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు రిఫ్లెక్టర్ టేపులు అంటించాం. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్ అన్నీ నేనే చూసుకున్నాను. స్లాట్ బుక్ చేసుకుని, డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని బండి నేనే తోలుకుంటూ వెళ్ళాను. ఆదివారం సింహాచలం కొండ మీద పెళ్ళి ఒప్పుకున్నాం. మూడు ట్రిప్పుల సామాను. అది గురువారం.

గ్రౌండ్‌లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు లైట్లు, టేపులు చూశారు, ఛాసిస్ నంబరు సరిచూసుకున్నారు. "అలా ముందుకి పోనిచ్చి బ్రేకు కొట్టండి" అన్నారు. కొట్టాను. బండి ఆగింది. కొంచెం ఎడమకి లాగినట్టనిపించింది, స్టీరింగ్ పట్టుకునే ఉన్నాను కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. ఆయన మాత్రం బండి వైపు చూడలేదు. వెనక్కి నడిచి నేల చూశారు. "దిగి ఇలా రండి" అన్నారు.

మట్టి నేల. ఎడమ వెనక చక్రం వెనకాల మూరెడు పొడవున మట్టి గీసుకుపోయింది, పలుగుతో గీకినట్టు. కుడి వెనక చక్రం వెనకాల ఆ గీత లేదు. టైరు అచ్చు చెక్కు చెదరకుండా, ముగ్గు వేసినట్టు ఉంది. కొత్త టైరు కదా, గళ్ళు గళ్ళుగా స్పష్టంగా పడింది. "ఈ చక్రం ఆగలేదు, దొర్లింది. మీకు ఒక పక్క బ్రేకు లేదు" అన్నారు. అంతే, ఫెయిల్.

ఒప్పుకుంటాను, ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. ఆదివారం పెళ్ళి ఎలా? ఇంతలో ఆ పాత ఏజెంట్ గేటు దగ్గర కనిపించి, "నాకిస్తే ఇలా అయ్యేదా అన్నా? ఇప్పటికైనా ఇచ్చెయ్యండి, నేను చూసుకుంటాను" అన్నాడు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. కానీ ఆ నేల మీది అచ్చు కళ్ళ ముందే ఉంది. ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికి తిరిగి వెళ్ళి, "కారణం రాసివ్వండి సార్" అని అడిగాను. ఏమీ విసుక్కోకుండా రాసిచ్చారు, కుడి వెనక బ్రేకు పనిచేయడం లేదని.

ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎఫ్‌సీ ఇవ్వకపోతే ఎందుకివ్వడం లేదో రాతపూర్వకంగా చెప్పాలని మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్‌లోనే ఉంది. మీది సొంత కారైనా సరే, మర్యాదగా అడగండి, రాయించుకోండి. నోటి మాటగా "బ్రేకు బాలేదు" అంటే మెకానిక్ ప్యాడ్లు బిగించి పంపేస్తాడు. రాసిన కాగితం ఉంటే ఏ చక్రం విప్పాలో తెలుస్తుంది.

తిన్నగా గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రీ గారి దగ్గరికి వెళ్ళాం. కాగితం చదివి కుడి వెనక చక్రం విప్పారు. డ్రమ్ము రాలేదు, తుప్పుకి పట్టేసింది. సుత్తితో చుట్టూ కొట్టి కొట్టి లాగితే వచ్చింది. లోపల తడి. బ్రేక్ ఆయిల్, లైనర్ల పొడి కలిసి నల్లటి బురదైపోయింది. మేస్త్రీ గారు వేలితో తీసి నాకు చూపించారు. చక్రం లోపల బ్రేకుని తోసే వీల్ సిలిండర్ మీది రబ్బరు చిరిగిపోయింది, దాని కింద ఎర్రటి తుప్పు, ఆయిల్ కారకుండా ఆపే లోపలి రబ్బరు కప్పులు పోయాయి. "ఏటి బాబూ, దీంతో ఇన్నాళ్ళూ ఎలా నడిపేవు? లోడుతో కొండ దిగితే ఏటవును?" అన్నారు.

మా డ్రైవరు అప్పుడు మెల్లగా చెప్పాడు. బ్రేక్ ఆయిల్ తగ్గుతోందని రెండు నెలలుగా పోస్తూనే ఉన్నాడట. ఆ ఆయిల్ ఎటు పోతోందని అతను అడగలేదు. బ్రేక్ ఆయిల్ సీసాల బిల్లులు చూసి నేనూ అడగలేదు. ఆదివారం ఆ బండే గుండిగలు, సిలిండర్లు, మనుషులతో సింహాచలం ఘాట్ దిగాల్సింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది.

రెండు వెనక చక్రాలకీ సిలిండర్లు, లైనర్లు కొత్తవి వేయించాం. మళ్ళీ వెళ్తే పాసయ్యాం. ఈసారి నేను కూడా దిగి నేల చూశాను, రెండు గీతలూ సమానంగా ఉన్నాయి. ఆదివారం పెళ్ళి సామాను వేరే వాళ్ళ బండి అద్దెకి తీసుకుని పంపాను. డబ్బు పోయింది, పోనీ.

ఇందుకే ఏజెంట్ వద్దంటున్నాను. వాళ్ళు కాగితం తెస్తారు, మీ బండి గురించి మీకేమీ చెప్పరు. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతీ అంతే, సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండానే ప్రింటు తీసిచ్చేవాళ్ళున్నారు. గొట్టం పెట్టి చూడమని అడగండి, ఆ రెండు నిమిషాల్లో కొంపలేం మునిగిపోవు. మనం డబ్బులిచ్చి మరీ మనల్ని మోసం చేయించుకోవడం నాకు అస్సలు మింగుడుపడదు.

ఇక మీ కారు. మన ఊళ్ళో సముద్రపు గాలికి కింద భాగం తినేస్తుంది, మీ ఇల్లు పెదవాల్తేరు వైపో, ఎంవీపీ వైపో అయితే మరీను. కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడండి, తలుపుల కింది అంచులు వేలితో నొక్కి చూడండి. ఛాసిస్ నంబరు తుప్పులో కలిసిపోయి చదవరాకుండా ఉంటుంది. పెన్సిల్ ప్రింటు, అంటే నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు, అడిగితే అక్కడికక్కడ ఇబ్బంది పడతారు. కిరసనాయిలు గుడ్డతో ముందు రోజే తుడిచి పెట్టుకోండి, వైర్ బ్రష్షుతో గీకకండి, అంకెలు అరిగిపోతాయి. అద్దాలకి నల్ల ఫిల్ము ఉంటే పీకేయండి. నాన్నగారు లోను ఎప్పుడో తీర్చేసి ఉంటారు, ఆర్‌సీలో బ్యాంకు పేరు ఇంకా ఉందేమో చూసుకోండి. ఉంటే అది తీయించడానికే వారం పడుతుంది. ఇన్సూరెన్స్, పొల్యూషన్ రెండూ ఆ రోజుకి చెల్లుబాటులో ఉండాలి. గడువు దాటిన కారు రోడ్డు మీదికి తీస్తే రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు పట్టుకునేది ఆ తేదీనే.

ఇప్పుడు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. అక్కడ బ్రేకులు రోలర్ల మీద మిషనే కొలుస్తుంది, ఏ చక్రం ఎంత పట్టిందో అంకెల్లో వస్తుంది. అద్దె టైర్ల తెలివితేటలు అక్కడ బ్రేకుని బాగుచేయలేవు. నాకైతే చాలా సంతోషం. స్లాట్ తీసుకునేటప్పుడు బండి ఎక్కడికి తేవాలో స్క్రీన్ మీద సరిగ్గా చూసుకోండి.

వెళ్ళే ముందు వారం ఒక పని చేయండి. మీ కారుకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేకపోతే, మనుషులు తిరగని మట్టి స్థలం చూసుకుని, 20 స్పీడులో వెళ్ళి గట్టిగా బ్రేకు కొట్టండి. నాన్నగారిని కూడా తీసుకెళ్ళండి, 15 ఏళ్ళు నడిపిన మనిషికి ఆ కారు ఎటు లాగుతోందో మనకన్నా ముందు తెలుస్తుంది. దిగి వెనక్కి నడిచి నేల చూడండి. కుడి గీత, ఎడమ గీత సమానంగా ఉంటే స్లాట్ బుక్ చేసుకోండి. ఎక్కడైనా టైరు అచ్చు చెదరకుండా కనిపిస్తే ఆ చక్రం విప్పించండి.