నిచ్చెన తల ఎక్కడ ఆనించాలి?

ఇంటి మరమ్మతులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మల్కాజిగిరిలో మాది పాత ఇల్లు. ముందు వసారాకీ కారు పెట్టుకునే చోటికీ కలిపి వాలుగా రేకులు వేయించాం. అంచు పొడుగునా వాన నీళ్ళు పట్టే తెల్లటి పీవీసీ గట్టర్ ఉంది. పక్కింటి వేపాకూ మా కానుగాకూ రాలి, మృగశిర కార్తె వచ్చేసరికి అది పూడుకుపోతుంది. మా వారికి 61 ఏళ్ళు. ఏటా ఆయనే అల్యూమినియం నిచ్చెనని గట్టర్‌కి ఆనించి ఎక్కుతారు, నేను కింద పట్టుకుంటాను. పోయిన ఆదివారం కుడివైపు ఒంగి చెత్త తీస్తుంటే నిచ్చెన పైభాగం గట్టర్ మీద జానెడు పక్కకి జారింది. గట్టర్‌నే పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నారు. క్లాంపు ఒకటి ఊడింది. నేను గట్టిగానే పట్టుకున్నాను. "నువ్వు సరిగ్గా పట్టుకోలేదు" అంటున్నారు ఆయన. ఇంకెలా పట్టుకోవాలో చెప్పండి.
ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ఈ జవాబు మొదట మీ వారికి చదివి వినిపించండి. మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కింద ఉన్న మనిషి పట్టుకుంటే నిచ్చెన కాళ్ళు వెనక్కి జారకుండా ఉంటాయి. అంతవరకే. పైన తల పక్కకి జారుతుంటే కింద నుంచి ఆపడం ఎంత బలమున్న మనిషికైనా సాధ్యం కాదు.

నేను దీన్ని నా చేతులతో తెలుసుకున్నాను. 1996 వానాకాలం. నగరానికి ఉత్తరాన ఒక కర్మాగారం వాళ్ళ క్వార్టర్లలో మరమ్మతుల సూపర్‌వైజర్‌గా ఉన్నాను. పెంకుటి క్వార్టర్లు, చూరు పొడుగునా జింకు రేకు గట్టర్లు. ఒక ఇంట్లో వంటింటి గోడ నానిపోతోందని కబురొస్తే నేనూ ఒక హెల్పరూ వెళ్ళాం. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. తాడు స్టోర్‌లో ఉండిపోయింది. మళ్ళీ అంత దూరం ఎవరు పోతారని, "నేను పట్టుకుంటాలే, ఎక్కు" అన్నాను. "ఏం గాదు సార్, రెండు నిమిషాల పని" అన్నాడు వాడు. రెండు చేతులతో పట్టుకున్నాను, కింది మెట్టు మీద కాలు కూడా అదిమి పెట్టాను. వాడు ఎడమకి ఒంగాడు. నిచ్చెన కుడి పక్క నిలువు కమ్మీ గట్టర్ మీంచి లేచింది, నిచ్చెన ఒంటికాలి మీద గిరుక్కున తిరిగింది. నా చేతుల్లోనే తిరిగింది. వాడు షాబాదు బండల మీద పడ్డాడు. మణికట్టు, తుంటి ఎముక విరిగాయి. బతికాడు, పెళ్ళయింది, పిల్లలున్నారు. కుంటు మాత్రం పోలేదు. తాడు తెమ్మని ఆ రోజు ఒక్క మాట అనలేకపోయాను. నిచ్చెన గురించి ఉత్తరం వస్తే నేను పొడుగ్గా రాసేది అందుకే.

ఇక గట్టర్ సంగతి. ఐదంగుళాల వెడల్పున్న అర్ధచంద్రాకారపు గట్టర్ అంచుల దాకా నిండినా అడుగు పొడవుకి రెండు లీటర్ల నీళ్ళు కూడా పట్టవు. క్లాంపులు, స్క్రూలు ఆ బరువు మోయడానికే బిగిస్తారు. నిచ్చెన చేసే పని వేరు. అది గట్టర్‌ని లోపలికి నెడుతుంది. వాలు సరిగ్గా ఉంటే, పైదాకా ఎక్కిన మనిషి బరువులో దాదాపు పావు వంతుతో నెడుతుంది, అంటే 70 కిలోల మనిషికి 17, 18 కిలోలు. జారుతుందేమోనన్న భయంతో చాలామంది నిచ్చెన కాళ్ళని బాగా ఎడంగా లాగి పెడతారు. కాళ్ళు ఎత్తులో సగం దూరానికి వెళ్ళాయంటే ఆ నెట్టుడు రెట్టింపై 35 కిలోలవుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో నాలుగేళ్ళు కాగిన పీవీసీ పెళుసెక్కి ఉంటుంది. పైగా గట్టర్ పెదవి గుండ్రంగా, నున్నగా ఉంటుంది. దాని మీద అల్యూమినియం కమ్మీ పెడితే పక్కకి జారకుండా పట్టుకునేది ఏదీ లేదు. మీ వారు కుడికి ఒంగారు, బరువంతా కుడి కమ్మీ మీదికి వచ్చింది, ఎడమది తేలిపోయింది. జానెడుతో ఆగడం మీ అదృష్టం.

కాబట్టి నిచ్చెన తల గట్టర్‌ని తాకనే కూడదు. గోడకో, స్తంభానికో, రేకుల కింద అడ్డంగా పోయే ఇనప దూలానికో ఆనాలి. గట్టర్ ముందుకి పొడుచుకుని ఉంటుంది కదా, ఎలా ఆనుతుంది అంటారు. దానికి స్టాండాఫ్ అని ఒక అమరిక దొరుకుతుంది. నిచ్చెన పైభాగానికి బిగించే రెండు చేతులన్నమాట, కొసన రబ్బరు బిళ్ళలు ఉంటాయి. ఆ చేతులు గట్టర్ కింద నుంచి వెళ్ళి దూలానికి ఆనుకుంటాయి. నిచ్చెన అడుగో అడుగున్నరో ఇవతల నిలబడుతుంది, గట్టర్ ఆ సందులో మీ వారి ఛాతీ ముందుకి వస్తుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగండి. మీ నిచ్చెన కంపెనీ వాళ్ళదే, ఆ నిచ్చెనకి సరిపోయేదే తీసుకోండి. వీధి చివర వెల్డింగ్ చేసే అబ్బాయితో అల్యూమినియం కమ్మీలకి రంధ్రాలు పొడిపించి ఏదో ఒకటి తగిలించుకోకండి, రంధ్రం పడ్డ చోటే కమ్మీ విరుగుతుంది.

స్టాండాఫ్ ఉన్నా తాడు కట్టాల్సిందే. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. రెండు నిలువు కమ్మీలకీ విడివిడిగా కట్టాలి. మెట్టుకి కడితే నిచ్చెన అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది. రెండో కొస కట్టేది దేనికి? గట్టర్ క్లాంపుకి కాదు, వాన నీళ్ళ పైపుకీ కాదు. మేస్త్రీని పిలిచి దూలానికో కాంక్రీటు స్తంభానికో రెండు ఇనప కొక్కేలు శాశ్వతంగా బిగించమనండి. ఒక పూట పని. గట్టర్ పొడవుగా ఉంటే నాలుగైదు అడుగులకో జత. వేలెడు లావు నైలాన్ తాడు చాలు. నైలాన్ ముడి నున్నగా జారుతుంది, అందుకని రెండు చుట్లు తిప్పి, ముడి మీద ఇంకో ముడి వేసి, కొస జానెడు వదలాలి. సుత్లితో కట్టొద్దు.

మరి ఆ తాడు కట్టడానికైనా ఒకసారి ఎక్కాలి కదా. మీ చేతుల అవసరం అప్పుడే, దిగేముందు విప్పేటప్పుడు మళ్ళీ ఒకసారి. నిచ్చెనకి ఎదురుగా నిలబడి, ఒక పాదం కింది మెట్టు మీద అదిమిపెట్టి, రెండు కమ్మీలూ రెండు చేతులతో పట్టుకోండి. గేటు దగ్గర ఎవరు పిలిచినా, ఫోను మోగినా వదలకండి. పైనుంచి తడి చెత్త, ఒక్కోసారి విరిగిన ముక్కలూ పడతాయి. స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని నిలబడితే మీకు మంచిది.

కాళ్ళు ఎంత దూరంలో ఉండాలో లెక్క సులువు. నిచ్చెన ఆనిన చోటు ఎత్తుని నాలుగు భాగాలు చేస్తే అందులో ఒక భాగం. పన్నెండు అడుగులకి మూడడుగులు. టేపు లేకపోతే నిచ్చెన కాళ్ళకి మీ కాలివేళ్ళు ఆనించి నిటారుగా నిలబడి, చేతులు భుజాల ఎత్తున ముందుకి చాచండి. అరచేతులకి మెట్టు సరిగ్గా అందితే వాలు బాగున్నట్టు. ఈ లెక్క దేశమంతా, బయట దేశాల్లోనూ పాటించేదే. దేశంలో ప్రమాణాలు నిర్ణయించే మన బీఐఎస్ వాళ్ళు నిచ్చెనల భద్రత కోసం విడిగా ఐ.ఎస్. 3696 రెండో భాగం అని ఒక నియమావళే 1991లో వేశారు. ఆ పేరు విన్న మేస్త్రీలని నేను చాలా తక్కువమందిని చూశాను, నాకదే బాధ.

మీ వసారాలో షాబాదు బండలో తాండూరు బండలో ఉండి ఉంటాయి. వానాకాలంలో వాటి మీద పాచి పట్టి సబ్బులా జారుతుంది. ముందు రోజే గీకి, కడిగి, ఆరనివ్వండి. నిచ్చెన కాళ్ళకున్న రబ్బరు అరిగి అల్యూమినియం బయటపడితే మార్చండి. కిందేదో మెత్తగా ఉంటుందని గోనెసంచి వేస్తారు కొందరు, బండ మీద సంచీతో సహా నిచ్చెన జారుతుంది. ఎత్తుపల్లం ఉంటే ఒక కాలి కింద ఇటుక పెట్టొద్దు. మట్టి నేలైతే ఎత్తుగా ఉన్న వైపు తవ్వి, అడుగున వెడల్పాటి పలక వేయండి.

ఎక్కాక మీ వారు గుర్తుంచుకోవలసింది ఒకటే, బొడ్డు రెండు కమ్మీల మధ్యే ఉండాలి. చెయ్యి అందని చోటికి ఒంగకుండా దిగి, నిచ్చెన జరిపి, మళ్ళీ కట్టి, ఎక్కాలి. విసుగ్గానే ఉంటుంది. ఇరవై అడుగుల గట్టర్‌కి నాలుగైదుసార్లు ఎక్కిదిగాలి. మోకాళ్ళు అందుకు ఒప్పుకోకపోతే ఆ పనికి మనిషిని పెట్టుకోవాలి, ఒంగి అందుకోవడం మాత్రం వద్దు. పై మూడు మెట్లూ నిలబడటానికి కావు. లుంగీ, హవాయి చెప్పులు వద్దు. బకెట్ చేత్తో పట్టుకోకుండా కొక్కేనికి తగిలించాలి. రేకుల మీద కాలు పెట్టనే వద్దు. అవి సిమెంటు రేకులైతే పైకి గట్టిగా కనిపించి ఒక్కసారిగా విరుగుతాయి.

మీ వసారా ఎత్తు రాయలేదు. గట్టర్ తొమ్మిది, పది అడుగుల్లోనే ఉంటే వాలు నిచ్చెన మాని, విప్పితే ఇంగ్లీషు 'A' అక్షరంలా తనంతట తాను నిలబడే నిచ్చెన కొనుక్కోండి. నాలుగు కాళ్ళూ బండల మీద సమంగా పడాలి, మధ్య పట్టీ పూర్తిగా తెరుచుకోవాలి. దాన్ని మడిచి గోడకి ఆనించి ఎక్కకూడదు.

అసలు ఎక్కకుండా జరిగే దారి ముందు చూడండి. తోటకి నీళ్ళు పట్టే పైపు కొసకి సగం అంగుళం పీవీసీ గొట్టం తగిలించి, పైన రెండు ఎల్బోలతో గొడుగు పిడిలా వంచితే నేల మీద నిలబడే గట్టర్ కడగొచ్చు. ఎండాకు చాలావరకు పోతుంది. మెత్తగా కుళ్ళి అడుగున అంటుకున్నది పోదు, దాన్ని అలా వదిలేస్తేనే ఎక్కాల్సి వస్తుంది. వేప ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుస్తుంది. కాబట్టి ఉగాది అయ్యాక ఒకసారి కడగండి, మే నెలాఖరున మరోసారి. వానలు జూన్, జూలైతోనే అయిపోవు. 2020లో నగరాన్ని ముంచిన వాన అక్టోబరు 13న కురిసింది. వినాయక చవితి తర్వాత కూడా ఒకసారి చూసుకోండి. గట్టర్ నుంచి పైపులోకి నీళ్ళు దిగే రంధ్రం మీద గుండ్రటి జాలీ పెట్టిస్తే పైపు పూడుకోదు.

ఇంకొక్కటి, ఇది అవసరం పడకూడదనే రాస్తున్నాను. ఎవరైనా పడితే చంకల్లో చేతులేసి లేపి కూర్చోబెట్టకండి. వెన్నెముక దెబ్బతిని ఉంటే ఆ లేపడంతోనే కాళ్ళు పోవచ్చు. కదపకుండా 108కి ఫోన్ చేయండి. ఆ కుర్రాణ్ణి మేము చాపలో ఎత్తి జీపులో వేశాం. అప్పుడు మాకు తెలియదు.

ప్రశ్న: అల్వాల్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. సజ్జా కింద గట్టర్ లీకవుతోంది. దానికి ఎదురుగానే వీధి కరెంటు తీగలు. పనివాడు అల్యూమినియం నిచ్చెన తెస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దు. మన వీధుల్లో పై వరసలో పోయేవి చాలాచోట్ల పదకొండు వేల వోల్టుల తీగలు. వాటికి తొడుగు ఉండదు. తీగకీ నిచ్చెనకీ మధ్య కనీసం పది అడుగులు ఉండాలి. నిచ్చెన నిలబడి ఉన్నప్పటి దూరం చూస్తే చాలదు. ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ అది వెనక్కి ఒరిగితే తల ఎంత దూరం పోతుందో కొలవండి, ప్రమాదాలు ఎక్కువగా ఆ క్షణంలోనే. వెదురైతే భయం లేదనుకోకండి, తడిసిన వెదురులో కరెంటు పారుతుంది. పది అడుగులు దొరకకపోతే 1912కి ఫోన్ చేసి, లైన్ ఆపాలని ముందుగా అడగండి. లైన్‌మన్ వచ్చి ఆపానని మీ ఎదుట చెప్పేదాకా నిచ్చెన గేటు లోపలికి రానివ్వొద్దు. పనివాడు "నాకు అలవాటే" అన్నా సరే. ఇల్లు మీది, ఆపగలిగేది మీరే.

ప్రశ్న: మా నాన్నగారి నాటి వెదురు నిచ్చెన ఉంది. వాడొచ్చా? కొత్తది కొనాలా? (పద్మారావునగర్)

జవాబు: ఎండలోకి తెచ్చి నేల మీద పడుకోబెట్టి చూడండి. కణుపుల దగ్గర నిలువు పగుళ్ళు ఉన్నా, తడితే సన్నటి పిండి రాలినా అది పుచ్చిపోయినట్టు, పందిరికి వాడుకోండి. బాగుంటే ప్రతి మెట్టునీ చేత్తో తిప్పి చూడండి, ఒక్కటి కదిలినా ఎక్కొద్దు. రంగు వేయించకండి, పగులు రంగు కింద దాక్కుంటుంది. వార్నిష్ పరవాలేదు. వానకి తడిసే చోట గోడకి నిలబెట్టకుండా, వసారాలో రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. కొత్తది కొనేటట్టయితే గట్టర్ ఎత్తు కొలిచి ఆ కాగితం దుకాణానికి తీసుకెళ్ళండి. పొట్టి నిచ్చెన కొన్నవాళ్ళే దాని కింద బల్ల వేసి ఎక్కుతారు.