ఏడింటికే వంటగదిలోకి వెళ్లు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర పల్లె. నాన్న రొయ్యల గుంటలు చేస్తాడు. బీటెక్ నాలుగేళ్లూ బస్సులో నెల్లూరు పోయి వచ్చాను, అప్పుడు ఫ్రెండ్స్‌కి కొదవ లేదు. ఎమ్మెస్ కోసం జర్మనీ వచ్చి మూడు నెలలైంది. హాస్టల్లో గది నా ఒక్కడిదే, వంటగది మాత్రం ఆరుగురికి కలిపి. అక్కడ వాళ్లు నవ్వుకుంటుంటే నేను గదిలోనే ఉండిపోయి, రాత్రి పదిన్నరకి వెళ్లి వండుకుంటాను. శని, ఆదివారాలు ఎవరితోనూ మాట లేకుండానే గడుస్తున్నాయి. రోజూ సాయంత్రం ఏడింటికి అమ్మకి కాల్ చేస్తాను, ఫ్రెండ్స్ చాలామంది ఉన్నారని అబద్ధం చెప్పాను. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో నా కోసం చదువు రొట్టె పట్టుకున్న మనిషికి నిజం ఎలా చెప్పేది? లోపం నాలోనే ఉందా?

జవాబు: నాయనా, మా అబ్బాయి ఈడు వాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ పదిన్నర దగ్గరే ఆగిపోయాను. తిరగమోత వాసనకి ఎవరేమంటారో అని, ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పాలో అని, అందరూ ప్లేట్లు కడుక్కుని పోయేదాకా తలుపు అవతల చెవి వేసి కూర్చుంటున్నావు. ఆకలి ఎనిమిదింటికే వేసుంటుంది కదా! వంటగది సంగతికి మళ్లీ వస్తాను. ముందు నీలో లోపం ఉందేమో చూద్దాం.

బీటెక్‌లో స్నేహితుల్ని ఎలా సంపాదించావో గుర్తు తెచ్చుకో. ఎవరి దగ్గరికైనా వెళ్లి 'నాతో స్నేహం చేస్తావా' అని అడిగావా? లేదు. కోవూరు మీదుగా, పెన్నా బ్రిడ్జి దాటి, రోజూ అదే బస్సు. పక్క సీట్లో అదే మొహం. పోను గంట, రాను గంట అనుకుంటే ఏడాదికి 200 రోజుల కాలేజీలో 400 గంటలు. స్నేహం ఆ బస్సే చేసి పెట్టింది, మనకి మాత్రం మన గొప్ప అనిపిస్తుంది.

ఈ గంటల లెక్క ఊరికే చెప్పడం లేదు. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెఫ్రీ హాల్, కొత్త ఊరికి మారిన పెద్దవాళ్లనూ కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలనూ అడిగి 2018లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అని చెప్పుకోవడానికి 90, ప్రాణస్నేహానికి 200 గంటల పైన కలిసి గడపాలని తేలింది. ఒకే గదిలో పాఠం విన్న సమయం ఇందులో పెద్దగా అక్కరకు రాదు. ఆటపాటలు, తిండి, పనికిరాని కబుర్లు, ఇవే లెక్కలోకి వస్తాయి. ఇప్పుడు నీ సంగతి చూడు. వచ్చిన మొదటి రోజు నుంచీ వారానికి రెండు గంటలు ఒకరితో గడిపి ఉన్నా, మూడు నెలలకి సుమారు పాతిక గంటలే అవుతాయి. దూరం పూర్తి కాకుండానే ఫెయిల్ అయ్యానని మార్కులు వేసుకున్నావు.

కాబట్టి నీకు కావలసింది ఇంకో బస్సు. ప్రతి వారం అదే రోజు, అదే టైముకి, అవే మొహాలు కనిపించే చోటు. జర్మనీ యూనివర్సిటీల్లో 'హోక్‌షూల్‌స్పోర్ట్' అని ఆటల క్లాసులు ఉంటాయి, విద్యార్థులకి ఫీజు తక్కువ. షటిల్ ఆడటం వస్తే సగం పని అయినట్టే, ఆటలో భాష పెద్దగా అవసరం ఉండదు. రెండోది 'టాండెమ్': నువ్వు ఒకరికి ఇంగ్లిష్ గానీ తెలుగు గానీ నేర్పుతావు, వాళ్లు నీకు జర్మన్ నేర్పుతారు. ఇద్దరూ తప్పులు మాట్లాడేవాళ్లే కాబట్టి సిగ్గు త్వరగా పోతుంది. ఈ రెండూ చాలు. పది వాట్సాప్ గ్రూపుల్లో చేరి ఎక్కడికీ వెళ్లకుండా ఉండే పద్ధతి మాత్రం వద్దు.

అక్కడివాళ్లది ఇంకో అలవాటు. మన దగ్గర 'ఎప్పుడైనా రా' అంటే రమ్మనే. అక్కడ ఆ మాటకి విలువ లేదు. 'వచ్చే గురువారం ఆరింటికి కాఫీకి వెళదామా' అని ఏ రోజో, ఏ టైమో చెప్పి అడగాలి. ఖాళీ లేదు, ఆ తర్వాతి వారం అన్నారంటే నిన్ను వద్దన్నారని కాదు, నిజంగానే డైరీలో రాసుకుంటారు. కాఫీ దగ్గర మూడు యూరోలని వందతో గుణించి మూడొందలా అని గుండె బాదుకోకు. లోను తెచ్చుకున్న పిల్లలందరూ చేసే పనే అది. నెలకు ఓ ముప్పై యూరోలు ఇందుకే అని పక్కన పెట్టుకో, అది కూడా అద్దె లాంటి ఖర్చే.

తెలుగువాళ్లతో కలిస్తే జర్మన్ రాదని ఎవరైనా భయపెట్టి ఉంటే పట్టించుకోకు. పక్క వీధిలో ఒంగోలు కుర్రాళ్లు ఉంటే ఆదివారం వెళ్లి పప్పూ అన్నం తిను. ఆదివారం అక్కడ దుకాణాలు మూసేస్తారు, చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ రోజు ఒంటరిగా ఉండకు.

ఇప్పుడు వంటగది. వచ్చే సోమవారం సాయంత్రం ఏడింటికి, జనం ఉన్నప్పుడే వెళ్లు. నిమ్మకాయ పులిహోర ఓ రెండు పిడికిళ్లు ఎక్కువ కలుపు. ఎవరైనా వాసన గురించి అడిగితే గిన్నె ముందుకు జరుపు. ఎవరూ అడగకపోతే నువ్వే అడుగు. మీ అమ్మ రొట్టె పట్టుకున్న సంగతి రాశావు కదా, అక్కడ ఏం జరుగుతుందో తెలుసుగా. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఆ కోరిక తీరినవాళ్లు తెచ్చే రొట్టె కోసం, 'చదువు రొట్టె ఎవరి దగ్గరుంది?' అని ముక్కూ మొహం తెలియని వాళ్లని అడగడమే. నీ కోసం మీ అమ్మ అలా అడిగింది. నువ్వు ఐదుగురిని అడగాలి, అదీ నీ హాస్టల్లో వాళ్లనే.

అమ్మ సంగతి. ఈ చలికాలంలో అక్కడ సాయంత్రం ఏడంటే ఇక్కడ రాత్రి పదకొండున్నర. ఆ టైములో కాల్ చేస్తున్నావంటే ఆవిడ నిద్ర ఆపుకుని కూర్చుంటోందన్నమాట, నువ్వేమో మనుషులు దొరికే గంటని ఫోన్లో ఖర్చు చేస్తున్నావు. దాన్ని పొద్దున ఎనిమిదికి మార్చు, ఇక్కడ పన్నెండున్నర. పావుగంట చాలు. అబద్ధం సంగతి మొత్తం ఒకేసారి విప్పాల్సిన పని లేదు. 'ఫ్రెండ్స్ ఇంకా కుదరలేదమ్మా, వెతుక్కుంటున్నా' అను. నాన్న గుంటలో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వస్తే పంట మొత్తం పోతుంది, అయినా మళ్లీ పిల్ల వదిలే ఇల్లు అది. ఆ ఒక్క మాటకి కూలిపోరు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, క్లాసుకి వెళ్లబుద్ధి కాకపోవడం ఉంటే నా సలహాతో సరిపెట్టుకోకు. హాస్టళ్లూ క్యాంటీన్లూ నడిపే విద్యార్థి సేవా సంస్థలోనే చాలాచోట్ల కౌన్సెలర్లు ఉంటారు, నువ్వు చెప్పింది బయటికి పోదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే 112కి ఫోన్ చెయ్యి, లేదా పక్క గది తలుపు కొట్టు. టైము చూడకు.

సోమవారం పులిహోర ఎవరు తిన్నారో నాకు రాయి. చేపల పులుసు మాత్రం అప్పుడే పెట్టకు. నెల్లూరు మనిషినై ఉండి ఈ మాట అనడానికి నాకే బాధగా ఉంది గానీ, ఆ వాసనకి ఇంకా కొన్ని గంటల పరిచయం కావాలి.