ఫార్మాట్ చేయకుండా ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి

అన్నా, కావలిలో మీ స్టూడియో హార్డ్ డిస్క్‌లో సగం ఖాళీ ఉన్నా పెళ్లి వీడియో కాపీ కావట్లేదన్నారు. డిస్క్ పాడైందని టెన్షన్ పడకండి. మీరు పెట్టిన ఫొటోలో అది ఫ్యాట్32 అని కనిపిస్తోంది, అంటే డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పాత పద్ధతి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. పెళ్లి వీడియో దాన్ని ఇట్టే దాటేస్తుంది.

ఫార్మాట్ మాత్రం కొట్టకండి, పాత పెళ్లిళ్లన్నీ పోతాయి. విండోస్‌లోనే కన్వర్ట్ అనే కమాండ్ ఉంది. ఫైళ్లను అలాగే ఉంచి, డిస్క్‌ని పెద్ద ఫైళ్లూ పట్టే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మారుస్తుంది. అయినా బ్యాకప్ తీశాకే మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే డేటా దెబ్బతినొచ్చు. అవి వేరేవాళ్ల ఇంటి జ్ఞాపకాలు, మళ్లీ తీయలేం. యూపీఎస్ ఉంటే దాని మీదే పెట్టండి.

కమాండ్లు టైప్ చేసే విండో, అంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. కన్వర్ట్ అని కొట్టి, స్పేస్, డ్రైవ్ అక్షరం, కోలన్, మళ్లీ స్పేస్, స్లాష్, ఎఫ్ఎస్, కోలన్, ఎన్‌టీఎఫ్‌ఎస్. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే. డ్రైవ్‌కి పేరు ఉంటే అడుగుతుంది, దిస్ పీసీలో కనిపించే పేరే ఇవ్వండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. డిస్క్‌లో కొంత ఖాళీ కూడా ఉండాలి, మీకు ఆ ఇబ్బంది లేదు.

ఒకసారి మారాక మళ్లీ ఫ్యాట్32కి రావాలంటే ఫార్మాట్ చేయాల్సిందే. ఇంకో మాట. ఒంగోలులో మీ ఎడిటర్ మ్యాక్ వాడితే, అది ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ని చదువుతుంది కానీ మామూలుగా దాంట్లోకి ఏదీ కాపీ చేయనివ్వదు. అప్పుడు విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ కాపీ చేయనిచ్చే, పెద్ద ఫైళ్లూ పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి మేలు. దానికి ఈ కమాండ్ పనికిరాదు, బ్యాకప్ తీసి ఫార్మాట్ చేయాలి.