దిగుడులో న్యూట్రల్ సంగతి సరే, మీ ఎడమ కాలు ఎక్కడుంది?

కొండ దిగేటప్పుడు గేరు న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుందా, క్లచ్‌కి కాస్త విశ్రాంతి దొరుకుతుందా అన్నది మీ ప్రశ్న. దాని కింద ఇంకో మాట ఉంది: 25 వేల కిలోమీటర్లకే క్లచ్ ప్లేట్ మార్చాల్సి వచ్చిందట. అసలు ప్రశ్న ఆ చివరి మాటలోనే ఉందని నా అనుమానం. అయినా అడిగిన దానికి ముందు జవాబు చెప్పేస్తాను.

మిగలదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కారు గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే, ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) సుమారు 1,500 పైన ఉన్నంతసేపూ ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తుంది. చుక్క కూడా పడదు. అప్పుడు ఇంజన్‌ని తిప్పేవి చక్రాలే. న్యూట్రల్‌లో పెడితే ఆ సాయం పోతుంది, ఇంజన్ ఆగకుండా ఉండటానికి మళ్లీ పెట్రోలు పోయాలి. చిన్న ఇంజన్ కూడా ఐడ్లింగ్‌లో గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. ఈ న్యూట్రల్ అలవాటు, ఇంజెక్షన్ రాకముందు పెట్రోలు అందించిన కార్బురేటర్ల కాలంలో పుట్టింది. కార్బురేటర్ పోయింది, అలవాటు మాత్రం తండ్రి నుంచి కొడుక్కి దిగుతూనే ఉంది. గేరులో ఉంటే బండి ఆగిపోయేంత చిన్న వాలు మీద న్యూట్రల్ కొంచెం ఎక్కువ దూరం లాగుతుంది, కాదనను. కానీ మీరు అడిగింది కొండ దిగుడు గురించి. అక్కడ బండిని లాగాల్సిన పనేముంది, ఆపగలగాలి గానీ.

న్యూట్రల్‌లో దిగితే బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. డిస్కులు కాగి, ఆ వేడి డిస్కుని పట్టి నొక్కే కాలిపర్ల గుండా బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలి, డాట్ 4 అయితే 230. అయితే ఈ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. ఆయిల్ మరిగితే లైన్లో ఆవిరి బుడగలు వస్తాయి. బుడగ నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు. అందుకే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు. ఇక తాళం తిప్పి ఇంజన్ కూడా ఆపి దిగే ఘనులున్నారు. పెడల్‌కి బలం కలిపే బ్రేక్ బూస్టర్లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది, తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాకే పడొచ్చు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇంజన్ బ్రేకింగ్ అంటే అదే. బ్రేకు పదే పదే పడుతోందంటే ఇంకో గేరు తగ్గించండి. దిగుడు మొదలవక ముందే తగ్గించాలి, వేగం పెరిగాక వెతుక్కోవడం కాదు.

ఇక క్లచ్ విశ్రాంతి. పెడల్ మీద కాలు లేకపోతే చాలు, బండి గేరులో ఉన్నా న్యూట్రల్‌లో ఉన్నా క్లచ్ విశ్రాంతిలోనే ఉంది. ప్లేట్ అరిగేది ఒకే ఒక్క స్థితిలో: ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం (ఫ్లైవీల్) ఒక వేగంతో, గేరుబాక్స్‌కి కలిసిన ప్లేట్ ఇంకో వేగంతో తిరుగుతూ రెండూ రాసుకుంటున్నప్పుడు. పూర్తిగా తొక్కితే అవి విడిపోయి ఉంటాయి, పూర్తిగా వదిలితే అతుక్కుని ఉంటాయి. రెంటికీ నడుమ ఉన్నదే హాఫ్ క్లచ్. ఒక ప్లేట్ ఇరవై వేలకు పోవడానికీ, లక్ష దాటి రావడానికీ మధ్య తేడా ఎక్కువగా అక్కడే తేలుతుంది. కంపెనీ మీద, మెకానిక్ మీద, నకిలీ సామాను మీద నింద వేసే ముందు మీ ఎడమ కాలిని ఒక వారం గమనించండి.

బండి కదిలించే పద్ధతే చూడండి. ఆగి ఉన్న బండిని చదునైన రోడ్డు మీద కదిలించినప్పుడు ప్లేట్‌లో పుట్టే వేడి, ఇంజన్ ఎంత ఆర్పీఎంలో ఉందన్నదాని వర్గంతో పెరుగుతుంది. అంటే 1,000 దగ్గర క్లచ్ వదిలితే పుట్టే వేడికి 2,000 దగ్గర నాలుగింతలు, 3,000 దగ్గర తొమ్మిదింతలు. బండి ఆఫ్ అయిపోతుందేమోనన్న భయంతో గట్టిగా రేజ్ చేసి, క్లచ్ మెల్లగా వదిలేవాళ్లు చేసేది ఇదే. పైగా అలా తీస్తేనే స్మూత్ డ్రైవింగ్ అనుకుంటారు. చదునులో చాలా కార్లు అసలు యాక్సిలరేటర్ తొక్కకుండానే ఐడ్లింగ్ మీద కదులుతాయి. క్లచ్‌ని పట్టు దొరికే చోటుదాకా త్వరగా తేండి, అక్కడ ఒక క్షణం ఆపండి, బండి కదలగానే మిగతాది వదిలేసి కాలు పక్కన పెట్టేయండి. బండి తన పొడవంత దూరం వెళ్లేలోపే ఎడమ కాలు పెడల్ మీద నుంచి తీసేయాలి.

ప్లేట్లకు అసలు చావు ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడు. ముందు బండి రెండడుగులు కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. మన డ్రైవరు బ్రేకు తొక్కడు. హాఫ్ క్లచ్ మీద కొంచెం రేజ్ చేస్తూ బండిని వెనక్కి జారకుండా నిలబెడతాడు. చూసేవాళ్లకి గొప్ప కంట్రోల్‌లా కనిపిస్తుంది. లోపల ఏం జరుగుతోందో లెక్క కట్టండి. 1,200 కిలోల కారు, పదడుగులకు ఒకడుగు లేచే ఎక్కుడు. వెనక్కి లాగే బలం దాదాపు 1,170 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు, ఫస్ట్ గేరులో మొత్తం రేషియో 13 (ఇంజన్ 13 చుట్లకి చక్రం ఒక చుట్టు) అనుకుంటే క్లచ్ మోయాల్సిన టార్క్, అంటే తిప్పే బలం, 27 న్యూటన్ మీటర్లు. ఇంజన్ 1,500 ఆర్పీఎంలో తిరుగుతోంది, ప్లేట్ ఆగి ఉంది. ఆ రాపిడి నుంచి సుమారు 4 కిలోవాట్ల వేడి పుడుతుంది. క్లచ్‌ని కప్పి ఉంచే, గాలి సరిగా ఆడని ఆ పెట్టెలో (బెల్ హౌసింగ్) నాలుగు ఇస్త్రీ పెట్టెలు ఫుల్‌లో పెట్టి మూత వేసినట్టు. పైగా బండి ఒక్క అంగుళం ముందుకు పోలేదు.

కాసేపటికి కారులోకి కాలిన వాసన వస్తుంది. ప్లేట్ మీది రాపిడి పొరని (లైనింగ్) కట్టిపడేసే రెసిన్ ఉడుకుతున్న వాసన అది. అలా ఒకటి రెండుసార్లు మాడితే పైపొర గాజులా నున్నబడి, ప్లేట్ మందంగానే ఉన్నా పట్టదు. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడతాయి. ఆ తర్వాత ఎంత నెమ్మదిగా వదిలినా బండి వణుకుతూ కదులుతుంది. వాసన వచ్చిందంటే పక్కకు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలు తీసేసి ఇరవై నిమిషాలు ఆగండి. ఇంజన్ నడవనివ్వండి, ఫ్లైవీల్ తిరుగుతుంటే లోపల కొంచెం గాలైనా ఆడుతుంది.

ఎక్కుడులో తీయడానికి హ్యాండ్ బ్రేకు ఉంది. దాన్ని వాడటం చేతకానితనమన్నట్టు చూస్తారెందుకో! హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఫస్ట్ గేరు వేయండి. పెట్రోలు బండైతే ఆర్పీఎం 1,500 దగ్గర, డీజిలైతే 1,200 దగ్గర నిలపండి. క్లచ్ మెల్లగా ఎత్తుతూ రండి. ఒక చోట మూడు సంగతులు కలిసి జరుగుతాయి: ముల్లు ఓ 200 తగ్గుతుంది, ఇంజన్ గొంతు బరువెక్కుతుంది, ముందు చక్రాలు లాగే బండైతే బానెట్ రవ్వంత లేస్తుంది. అక్కడ ఎడమ కాలు కదపొద్దు. హ్యాండ్ బ్రేకు దించండి. బండి వెనక్కి జారదు. ఇప్పుడు యాక్సిలరేటర్ ఇంకొంచెం ఇచ్చి క్లచ్ పూర్తిగా వదిలేయండి. ఈ పట్టు మొత్తం రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. ఒకవేళ జారిందా, కంగారులో క్లచ్ వదిలెయ్యకండి, బ్రేకు తొక్కి మొదటి నుంచి మొదలుపెట్టండి. హిల్ హోల్డ్ ఉన్న కార్లలో బ్రేకు వదిలాక రెండు సెకన్లపాటు అదే పట్టుకుంటుంది. చాలామంది ఆ రెండు సెకన్లు అయ్యేదాకా ఆలోచిస్తూ కూర్చుంటారు.

ట్రాఫిక్‌లో ముందు బండి జరిగిన ప్రతిసారీ మీరూ జరగక్కర్లేదు. రెండు మూడు కార్ల ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. ఫస్ట్‌లో క్లచ్ పూర్తిగా వదిలేసి ఐడ్లింగ్ మీద బండిని పోనివ్వండి, గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో అదే పాకుతుంది. వెనకవాడు హారన్ కొడతాడు. మీ క్లచ్ బిల్లు అతను కట్టడు కాబట్టి కొట్టనివ్వండి.

డ్రైవింగ్ నేర్పేవాళ్ల మీద నాకో ఫిర్యాదుంది. మొదటి రోజే "బ్రేకు కావాలంటే క్లచ్, బ్రేకు రెండూ కలిపి తొక్కు" అని నేర్పుతారు. నేర్పే బండి ఆఫ్ కాకూడదన్నదే వాళ్ల బాధ. నేర్చుకున్నవాడు మాత్రం అరవైలో పోతూ కూడా రెండూ తొక్కుతాడు. క్లచ్ తొక్కగానే ఇంజన్ బ్రేకింగ్ పోయింది, ఆపే పని నాలుగు చక్రాల బ్రేకులదే అయింది. ముందు బ్రేకు. ఆర్పీఎం 1,000 దగ్గరికి దిగాక, బండి వణకబోయే ముందు క్లచ్. నడక వేగంలో ఉన్నప్పుడు రెండూ కలిపి తొక్కితే తప్పులేదు. అత్యవసరంగా ఆపాల్సి వస్తే బ్రేకు మీద పూర్తి బలం పెట్టండి, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పెడల్ కింద గడగడలాడినా వదలొద్దు, క్లచ్ చివర్లో తొక్కితే సరిపోతుంది.

వాళ్లే నేర్పే ఇంకో పాఠం, మలుపులో క్లచ్ పట్టుకుని తిరగడం. మలుపుకి ముందే వేగం తగ్గించి సెకండ్ వేసి, క్లచ్ వదిలేసి తిరగాలి. ఇంజన్ చక్రాలకు కలిసి ఉంటేనే బండి అదుపులో ఉంటుంది.

సిగ్నల్లో నిమిషాలపాటు ఫస్ట్ వేసి క్లచ్ తొక్కి కూర్చుంటే ప్లేట్ అరగదు, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ అరుగుతుంది. తొక్కగానే గుయ్‌మని శబ్దం వచ్చి, వదిలితే పోతోందా? ఎక్కువసార్లు ఆ బేరింగే. అది చిన్న సామానే, కానీ మార్చాలంటే గేరుబాక్స్ దించాలి. నడిచేటప్పుడు పెడల్ మీద కాలు ఊరికే ఆనించడం మరీ ఘోరం. కాలి బరువుకే, ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి నొక్కి పట్టే డయాఫ్రమ్ స్ప్రింగ్ పట్టు సడలుతుంది, లోడు పడినప్పుడు ప్లేట్ జారుతుంది, పైన కూర్చున్న మీకేమీ తెలియదు. పక్కన డెడ్ పెడల్ ఇచ్చింది కాలు పెట్టుకోవడానికే. సీటు కూడా సరిచూసుకోండి: క్లచ్ నేలదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు చాచి అందుకునేవాళ్లు సగమే తొక్కుతారు, ఆ సగం తొక్కుడుకి గేరు కర్రుమంటుంది.

గేరు లివర్ గురించి క్లుప్తంగా. ఊతకర్రలా దాని మీద చేయి వేసి ఉంచొద్దు, ఆ బరువు లోపల గేర్లను జరిపే ఫోర్క్ మీద పడుతుంది. పిడికిలి బిగించి లాగొద్దు. స్ప్రింగు లివర్‌ని దానంతటదే మూడు-నాలుగు వరుసకి తెస్తుంది, కాబట్టి ఐదు నుంచి నాలుగుకి అరచేత్తో వెనక్కి లాగితే చాలు. బలవంతంగా పక్కకి గుంజితే రెండు పడుతుంది. వంద వేగంలో అలా పడి క్లచ్ వదిలారంటే ఇంజన్ తన హద్దు దాటి తిరుగుతుంది. వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం అది. ఆర్పీఎం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదు గానీ, ఇంజన్‌ని చక్రాలే తిప్పుతుంటే ఆపలేదు. రివర్స్‌కి చాలా గేరుబాక్సుల్లో, గేరు పడే ముందు పళ్ల వేగాలు కలిపే సింక్రోనైజర్ ఉండదు. బండి పూర్తిగా ఆగాక క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లాగి వేయండి. పడకపోతే న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి మళ్లీ తొక్కి చూడండి. పళ్లు ఎదురెదురుగా వచ్చి ఉంటాయి, బలం పెడితే తీరే గొడవ కాదది.

మైలేజీ పిచ్చితో ముప్పైలో టాప్ గేరు వేసి గుంజేవాళ్లకి ఒక మాట: యాక్సిలరేటర్ తొక్కితే బండి వేగం అందుకోకుండా వణుకుతోందంటే గేరు తగ్గించాలి. ఆ గుంజుడు టర్బో పెట్రోలు ఇంజన్లకీ, ఇంజన్ కుదుపులు మింగే రెండు ముక్కల ఫ్లైవీల్ (డ్యుయల్ మాస్) ఉన్న బండ్లకీ అసలు మంచిది కాదు. తగ్గించేటప్పుడు నాలుగులో 1,700 ఉన్న ఇంజన్ అదే వేగానికి మూడులో సుమారు 2,400 తిరగాలి. ఆ 700 తేడా యాక్సిలరేటర్ చిన్నగా తట్టి మీరు ఇస్తారా, లేక ప్లేట్‌తో రుద్దించి తెప్పిస్తారా అన్నది మీ ఇష్టం.

కొత్త ప్లేట్ ఎలా ఉందో చూసుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో యాభై వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు ముందు ఎగిరి, వేగం తర్వాత అందుకుంటే ప్లేట్ జారుతోంది. మీరు కాలు మార్చుకున్నాక కూడా అలా అవుతుంటే అప్పుడు బండిని అనుమానించండి. కేబుల్ క్లచ్ అయితే పెడల్‌కి పైన ఫ్రీ ప్లే, అంటే క్లచ్‌ని కదపకుండానే దిగే కొంచెం వదులు, ఉండాలి, అసలు లేకపోతే మీరు కాలు పెట్టకపోయినా క్లచ్ కొంచెం తొక్కి ఉన్నట్టే. క్రాంక్‌షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ కారి లైనింగ్‌కి ఆయిల్ పట్టిందేమో చూడమనండి. పాత ప్లేట్ తీసిన చోట ఫ్లైవీల్ ముఖం మీద రివెట్ల గీతలున్నాయా, ప్లేట్‌ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ కూడా మార్చారా లేక ప్లేట్ ఒక్కటే వేసి పంపించారా అని మెకానిక్‌ని అడగండి. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ ఒక సెట్‌గా మార్చాల్సినవి. ఒక్కటే మార్చి ఉంటే ఇంకో ఇరవై ఐదు వేలకి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.