ఫోన్ మాటలు, మీ ప్రశ్నలు: పీపీ కాల్ నుంచి ప్లస్ గుర్తు దాకా

పోయిన సంచికలో ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే దూరపు ఊళ్ల ఫోన్లు కలిపే చోట, నా ఉద్యోగం గురించి రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగారు: పీపీ, ఎస్‌టీడీ, పల్స్, ఐఎస్‌డీ... ఇవన్నీ అసలేమిటి అని. పూర్తి పేరు విప్పి చెబితే పని అయిపోదు. దూరపు ఫోన్‌కు సంబంధించిన ఏ మాట తీసుకున్నా తెలుసుకోవాల్సినవి రెండు ఉంటాయి. డబ్బు ఏ క్షణం నుంచి లెక్కలోకి వస్తుంది? అది ఎవరి మీద పడుతుంది? ఈ రెండూ తెలియక అప్పట్లో ఎంతోమంది నష్టపోయారు, ఇప్పుడూ నష్టపోతున్నారు. అందుకే జవాబులు అటువైపు నుంచే చెబుతాను.

ప్రశ్న: మా అమ్మానాన్నల శుభలేఖ పాత పెట్టెలో దొరికింది. తాతగారి పేరు కింద నాలుగంకెల ఫోన్ నంబరు, పక్కన బ్రాకెట్లో పి.పి. అని ఉంది. మన ఇంట్లో అప్పుడు ఫోనే లేదంటోంది అమ్మ. మరి ఆ నంబరు ఎవరిది?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పక్కింటివారిదో, వీధి చివర కిరాణా కొట్టుదో అయి ఉంటుందమ్మా. పీపీ అంటే పర్టిక్యులర్ పర్సన్, అంటే ఫలానా మనిషితోనే మాట్లాడాలి అని. ఆపరేటర్‌కు చెప్పి కలిపించుకునే దూరపు ఫోన్‌ను ట్రంక్ కాల్ అనేవాళ్లం. దాన్ని రెండు రకాలుగా బుక్ చేసుకోవచ్చు. ఊరు, నంబరు మాత్రమే చెబితే అవతల ఫోన్ ఎవరు ఎత్తినా కాల్ కలిసినట్టే, లెక్క మొదలైపోతుంది. పీపీ అని బుక్ చేస్తే మనిషి పేరు కూడా ఇవ్వాలి. ఆ మనిషి వచ్చి "నేనేనండీ" అన్నాకే మూడు నిమిషాల లెక్క మొదలయ్యేది. ఈ సౌకర్యానికి కొంత అదనంగా కట్టాలి. మనిషి దొరక్కపోతే ఆ అదనపు మొత్తమే పడేది తప్ప మాటల ఛార్జీ ఉండేది కాదు.

ఫోన్ లేని వాళ్లకు ఇదెంత ఉపకారమో ఊహించండి. పక్కింటాయన ఫోన్ ఎత్తి, "ఉండండి, పిలుస్తాను" అని రిసీవర్ బల్ల మీద పెట్టి వెళ్లేవారు. లైన్లో ఉన్న మాకు ఆ ఇల్లంతా వినిపించేది. కుక్కర్ విజిల్, రేడియోలో వార్తలు, "ఒరేయ్, పక్కింటి మాస్టారికి హైదరాబాద్ నుంచి ఫోన్, పరిగెత్తు" అనే కేక, కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. వచ్చినాయన ముందు ఆయాసపడేవారు, తర్వాత అవసరం లేనంత గట్టిగా "హలో" అనేవారు. అప్పుడు నేను టికెట్ మీద టైము వేసేదాన్ని.

ఆ టికెట్ చిన్న కాగితం ముక్క. ఎవరు బుక్ చేశారు, ఏ ఊరు, ఏ నంబరు, పీపీ అయితే పేరేమిటి, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయింది, అన్నీ దాని మీదే ఉండేవి. బిల్లు తయారయ్యేది దాన్నిబట్టే. మాటలు సరిగ్గా వినపడని లైన్లో పేర్లు పట్టుకోవడానికి అక్షరానికో ఊరు చెప్పుకునేవాళ్లం, బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ అని.

ఆ ఫోన్ గల ఇంటివాళ్లకు ఇందులో రూపాయి కూడా వచ్చేది కాదు. వేళాపాళా లేకుండా తలుపు తీసి, పిల్లల్ని పరిగెత్తించి, పరాయివాళ్ల కష్టసుఖాలు తమ వసారాలో జరగనిచ్చారు. మీ శుభలేఖ మీద ఆ నంబరు అచ్చయిందంటే ముందుగా వాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే వేసి ఉంటారు. అది ఎవరిల్లో మీ అమ్మగారిని అడిగి రాసిపెట్టుకోండి.

ప్రశ్న: తాతయ్య డైరీలో ఒకచోట "లైట్నింగ్ బుక్ చేశాను, అయినా గంటన్నర పట్టింది" అని ఉంది. పేరులోనే మెరుపు ఉంది కదా, అంతసేపు ఎందుకు?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: లైట్నింగ్ అనేది వరుసలో మీ స్థానం మాత్రమే బాబూ. ట్రంక్ కాల్స్‌లో ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని తరగతులు ఉండేవి. అర్జెంట్‌కు ఆర్డినరీ మీద రెట్టింపు, లైట్నింగ్‌కు దానికన్నా ఇంకా ఎన్నో రెట్లు. ఎక్కువ కట్టినవాళ్ల టికెట్ ముందుకు వచ్చేది. కానీ రెండు ఊళ్ల మధ్య ఉన్న లైన్లు కొన్నే. అన్నిట్లోనూ మాటలు నడుస్తుంటే లైట్నింగ్ టికెట్ కూడా ఆగాల్సిందే. గాలివానకు స్తంభం పడి లైన్ పోతే ఎంత కట్టినా ఉపయోగం లేదు. డైరీ తేదీ చూడండి, వానాకాలం అయితే కారణం అదే కావచ్చు.

లైట్నింగ్ బుక్ చేసేవాళ్లలో వ్యాపారులు ఉండేవారు, చావు కబురు చెప్పాల్సినవాళ్లూ ఉండేవారు. మూడు నిమిషాలు కాగానే "త్రీ మినిట్స్ ఓవర్, ఎక్స్‌టెండ్ చేయమంటారా?" అని మధ్యలో అడగడం మా విధి. అవతల ఏడుపు వినిపిస్తుంటే ఆ మాట నోటికి రాదు. అయినా అడగాలి, ఎందుకంటే అడగకపోతే తర్వాతి మూడు నిమిషాల డబ్బు వాళ్లకు తెలియకుండానే పడిపోతుంది. ఆ దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇంటికెళ్లాక బిల్లు ఇంకో దెబ్బ కాకూడదు. అందుకే గొంతు తగ్గించి అయినా సరే, అడిగేదాన్ని.

ప్రశ్న: రాజమండ్రిలో చాలా ఏళ్లు ఎస్‌టీడీ బూత్ నడిపాను. "అవతల ఇంకా ఎత్తనే లేదు, మీ మిషన్ తిరుగుతోంది" అని రోజూ ఎవరో ఒకరు గొడవ. నేను ఎవరినీ మోసం చేయలేదు. మరి పొరపాటు ఎక్కడ జరిగేదంటారు?
— ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మీరు అడిగినది చాలా మంచి ప్రశ్న. దీనికి కొంచెం విపులంగా చెప్పాలి.

ఎస్‌టీడీ అంటే సబ్‌స్క్రైబర్ ట్రంక్ డయలింగ్. ఆపరేటర్ లేకుండా ఫోన్ ఉన్న మనిషే దూరపు ఊరికి నేరుగా తిప్పుకోవడం. మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నో మధ్య మొదలైంది. ఆపరేటర్ పోయాక టికెట్ మీద టైము వేసేదెవరు? ఆ పని పల్స్‌కు, అంటే నిర్ణీత సెకన్లకోసారి వచ్చే చిన్న విద్యుత్ సైగకు, అప్పగించారు. ఎక్స్ఛేంజ్‌లో ప్రతి ఫోన్‌కూ ఒక చిన్న మీటరు. ఒక్కో పల్స్ వచ్చినప్పుడల్లా అందులో ఒక అంకె తిరుగుతుంది. పల్స్ ధర మారదు, దాని నిడివి మారుతుంది. దగ్గరి ఊరికైతే చాలా సెకన్లకు ఒకటి, బాగా దూరమైతే రెండు మూడు సెకన్లకే ఒకటి. రాత్రి పొద్దుపోయాక పావు రేటు అనేవాళ్లు కదా, అప్పుడు పల్స్ నాలుగింతలు సాగేదన్న మాట. మీ బూత్ ముందు ఆ వేళకి జనం కట్టిన వరుస మీకే బాగా తెలుసు.

ఇక మీ మిషన్, అంటే బూత్‌లో కాల్ ఛార్జీ చూపించే పెట్టె, సంగతి. అవతల రిసీవర్ ఎత్తారని మీ బూత్‌లోని పెట్టెకు తెలియాలి. దానికి ఎక్స్ఛేంజ్ ఒక సైగ ఇచ్చేది. ఫోన్‌కు వచ్చే రెండు తీగల్లో ప్లస్, మైనస్ అటూ ఇటూ మారేవి. దాన్నే లైన్‌మెన్లు "రివర్సల్" అనేవారు. రివర్సల్ రాగానే ఎర్ర అంకెలు కదలాలి. కొన్నిచోట్ల దీనికి బదులు 16 కిలోహెర్ట్జ్ పల్స్ పంపేవారు. మనిషి చెవికి అంతగా వినపడదు, మిషన్ మాత్రం లెక్కపెట్టుకుంటుంది. ఈ రెండూ సరిగా అందని లైన్లో కొన్ని మిషన్లను గడియారం లెక్కన పెట్టేవారు. చివరి అంకె తిప్పాక కొన్ని సెకన్లు ఆగి తనంతట తనే మొదలుపెడుతుంది. అవతల ఇంకా రింగ్ అవుతున్నా దానికి తెలియదు. కాబట్టి ఇక్కడ మీ నిజాయితీకి లోటు లేదు, గొడవ పడ్డవాళ్ల మాటా అబద్ధం కాదు. రివర్సల్ ఇవ్వమని ఎక్స్ఛేంజ్‌ను అడగాలని బూత్ పెట్టుకున్నవాళ్లకు ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇళ్లు గడవడానికి బూత్ పెట్టుకున్న వికలాంగులు ఎంతోమంది ఈ మాటలు పడ్డారు, అది నాకిప్పటికీ బాధే.

మీ ఊరి సంగతి ఇంకొకటి. రాజమండ్రి కోడ్ 0883. గోదావరి వంతెన దాటితే కొవ్వూరు, దాని కోడ్ 08813. కళ్లెదుట కనిపించే ఊరికి వేరే కోడ్ ఎందుకని మీ దగ్గరా అడిగి ఉంటారు. దూరాన్ని ఇంటి నుంచి ఇంటికి కొలిచేవారు కాదు. దేశాన్ని ఛార్జింగ్ ఏరియాలుగా విడగొట్టి, ఒక ఏరియా కేంద్రం నుంచి ఇంకో ఏరియా కేంద్రానికి కొలిచేవారు. మీరు ఉన్నది గీతకు ఇటా అటా అన్నదే లెక్క. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ వన్ ఇండియా ప్లాన్ తెచ్చి దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నప్పటి నుంచి ఆ గీతల పట్టు సడలింది.

ప్రశ్న: ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేస్తే ముందు సున్నా కొట్టమంటోంది. సున్నా కొడితే ఎస్‌టీడీ ఛార్జీ పడుతుందా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: పడదండీ. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌తో ఏ సెల్‌కు చేసినా ముందు సున్నా ఉండాలి. కొత్త సెల్ నంబర్లకు చోటు చేయడానికి పెట్టిన నియమం అది. దానివల్ల రేటు మారదు.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో పని చేస్తారు. నంబరు ముందు కొన్నిసార్లు 00971 అని, కొన్నిసార్లు ప్లస్ 971 అని పడుతుంది. రెండూ ఒకటేనా? ఒక్కోసారి తెలియని విదేశీ నంబర్ల నుంచి మిస్డ్ కాల్ వస్తుంది. ఆయనే వేరే ఫోన్ నుంచి చేశారేమోనని టెన్షన్ పడి తిరిగి చేస్తే బ్యాలెన్స్ పోయింది.
— ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: రెండూ ఒకటేనమ్మా. దేశం దాటడానికి ఒక్కో దేశంలో ఒక్కో గేటు నంబరు ఉంటుంది. మనకు 00. అమెరికాలో 011, ఆస్ట్రేలియాలో 0011. ప్లస్ గుర్తు పెడితే, మీరు ఏ దేశంలో ఉంటే అక్కడి గేటు నంబరును ఫోనే వేసుకుంటుంది. అందుకని నంబర్లన్నీ ప్లస్‌తోనే సేవ్ చేసుకోండి. సున్నా మీద వేలు కాసేపు ఉంచితే ప్లస్ వస్తుంది. మీ నంబరు ఆయన ఫోన్‌లో ప్లస్ 91తో ఉందో లేదో కూడా చూడమనండి.

దుబాయ్ నంబరుకు మొదట 971 ఉంటుంది. కువైట్‌కు 965, సౌదీకి 966, ఖతార్‌కు 974, ఒమన్‌కు 968, బహ్రెయిన్‌కు 973. ఒక చీటీ మీద రాసి ఫోన్ దగ్గర పెట్టుకోండి. మిస్డ్ కాల్ ఈ కోడ్‌లతో కాకుండా ఎప్పుడూ వినని కోడ్‌తో వస్తే తిరిగి చేయకండి. ఒక్క రింగ్ ఇచ్చి వదిలేసేది మీరు తిరిగి చేయాలనే. మీరు చేస్తే ఐఎస్‌డీ రేటు, అంటే విదేశానికి నేరుగా చేసే కాల్ రేటు, మీకు పడుతుంది, అందులో వాటా అవతలివాళ్లకు చేరుతుంది. మీ ఆయనకు కొత్త నంబరు వస్తే ముందుగా మెసేజ్ పెట్టాలని మీరిద్దరూ ఒక మాట అనుకోండి.

ఇంకో సంగతి. ఐఎస్‌డీకి ఎక్కువగా నిమిషం పల్స్ ఉంటుంది. 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాల డబ్బు పడుతుంది. రీఛార్జ్ చేసేముందు షాపులో "పల్స్ ఎంత?" అని అడగండి. ఆ రెండు మాటలు అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి మన బ్యాంకు 1800 నంబరుకు ఎన్నిసార్లు చేసినా కలవదు.
— ఒక ప్రవాస పాఠకుడు

జవాబు: టోల్ ఫ్రీ అంటే కాల్ డబ్బు బ్యాంకు కడుతుందని. ఆ ఏర్పాటు మామూలుగా దేశం లోపలికే. కార్డు వెనుక గానీ పాస్‌బుక్‌లో గానీ విదేశాల నుంచి చేయడానికి ప్లస్ 91తో మొదలయ్యే మరో నంబరు ఇస్తారు, దానికి చేయండి. వెబ్‌లో వెతికి దొరికిన నంబరుకు మాత్రం చేయవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి చవక యాప్‌తో చేస్తాడు. నా ఫోన్‌లో మాత్రం మన దేశపు సెల్ నంబరు పడుతుంది, అది కూడా ప్రతిసారీ వేరేది. ఇదెలా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: దీన్ని గ్రే రూట్ అంటారు. విదేశం నుంచి కాల్ సరైన దారిలో వస్తే, దాన్ని మీ ఫోన్ దాకా చేర్చినందుకు ఇక్కడి కంపెనీకి కొంత కట్టాలి. దాన్ని టెర్మినేషన్ ఛార్జీ అంటారు. విదేశీ కాల్స్‌కు 2020లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిమిషానికి 35 నుంచి 65 పైసల మధ్య ఉండవచ్చని చెప్పింది. ఆ పైసలు ఎగ్గొట్టడానికి కొందరు కాల్‌ను ఇంటర్నెట్ మీద తెచ్చి, ఎక్కడో అద్దె గదిలో పెట్టిన సిమ్ బాక్సులో దింపుతారు. అందులో పదుల కొద్దీ సిమ్ కార్డులు ఉంటాయి. ఖాళీగా ఉన్న సిమ్ నుంచి మీకు లోకల్ కాల్ వెళుతుంది. నంబరు ప్రతిసారీ మారేది అందుకే.

మీ అబ్బాయి తప్పేమీ లేదు, తను డబ్బు కట్టే కొన్నాడు. కానీ ఆ దారి చట్టవిరుద్ధం. మీకు నష్టం ఏమిటంటే, కాల్ తెగిపోతే ఆ నంబరుకు తిరిగి చేసినా మీవాడు దొరకడు. పైగా పోలీసులమని, కస్టమ్స్ అని బెదిరించే మోసగాళ్లూ ఇదే దారిలో వస్తారు. లోకల్ నంబరే కదా అని జనం ఎత్తుతారు. అలాంటి కాల్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

మీరు చేయాల్సింది: అబ్బాయిని ఆ యాప్ మానేసి వాట్సాప్‌లో గానీ, తన ఫోన్ కంపెనీ ఇంటర్నేషనల్ ప్యాక్‌తో గానీ చేయమనండి. విదేశం నుంచి వచ్చిన కాల్‌కు భారతీయ నంబరు పడితే కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే వీలుంది. కాల్ వచ్చిన తేదీ, సమయం, తెరమీద పడిన నంబరు రాసి ఉంచుకోండి, ఫారంలో అవే అడుగుతారు.