తలపుతో కదిలే కర్సర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బాబాయి కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డారు. మెడలో సి5 (ఐదో మెడ నరం) దగ్గర వెన్నుపాము దెబ్బతింది. రెండేళ్లయింది. భుజాలు ఎత్తుతారు, మోచేతులు కాస్త ముడుస్తారు, వేళ్లు కదలవు. మాట బాగానే ఉంది. మెదడులో చిప్ పెడితే చేతులొస్తాయని ఫోన్లో వీడియోలు చూసి రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: చిప్ వెన్నుపామును అతకదు. ముందు ఆ మాట చెప్పండి. చెయ్యి కదపాలనుకున్నప్పుడు మెదడు పైపొరలో ఆ పని చూసే భాగం ఇప్పటికీ సంకేతాలు పుట్టిస్తూనే ఉంటుంది. మెడ దగ్గర దారి తెగింది కాబట్టి అవి కిందికి దిగవు. వాటిని పుట్టినచోటే పట్టుకుని కంప్యూటర్‌కి అందించేదే బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్.

2004లో అమెరికాలో బ్రెయిన్‌గేట్ ప్రయోగంలో, మెడ దెబ్బతో కాళ్లూ చేతులూ పడిపోయిన మాథ్యూ నేగల్‌ మెదడులో అమర్చింది 4 మిల్లీమీటర్ల చదరపు పలక. దాని మీద సన్నటి సూదులు, 96 చోట్ల నుంచి సంకేతాలు. పుర్రె మీద బిగించిన సాకెట్ నుంచి కేబుల్ కంప్యూటర్‌కి వెళ్లేది. తెర మీద చుక్క కదులుతుంటే దాని వెంటే చెయ్యి కదుపుతున్నట్టు రోగి అనుకోవాలి. అప్పుడు ఏ కణం ఏ దిక్కుకు ఎక్కువ మోగుతుందో కంప్యూటర్ నేర్చుకుంటుంది. అంతటితో అయిపోదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మెదడు కొద్దిగా అదురుతుంది, సూదులు జరుగుతాయి, చుట్టూ మచ్చకణాలు పేరుకుంటాయి. నిన్నటి లెక్క ఇవాళ తప్పుతుంది, మళ్లీ సరిచూడాలి. చర్మం చీల్చుకుని బయటికొచ్చిన సాకెట్ దగ్గర ఇన్‌ఫెక్షన్ భయం ఎప్పుడూ ఉంటుంది. న్యూరాలింక్ 2024 జనవరిలో మొదటి మనిషికి వైర్లు బయటికి రాని పరికరం పెట్టింది: 64 దారాలు, వాటి మీద 1,024 ఎలక్ట్రోడ్లు (సంకేతాలు పట్టే లోహపు చుక్కలు). కొన్ని వారాల్లోనే చాలా దారాలు వెనక్కి జారాయని ఆ కంపెనీయే చెప్పింది. సాఫ్ట్‌వేర్ మార్చి నెట్టుకొచ్చారు.

సొంత చేతినే కదిలించిన ప్రయోగమూ ఉంది. 2017లో ప్రచురించిన ఆ ప్రయోగంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ బృందం ఒకాయన మెదడులో రెండు పలకలు, చేతి కండరాల్లో కరెంటుతో వాటిని కదిలించే 36 ఎలక్ట్రోడ్లు పెట్టింది. బరువు మోసే ఆధారం సాయంతో ఆయన తన చేత్తోనే కాఫీ తాగారు. అక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది: కీళ్లు బిగుసుకుపోయిన చేతిని ఏ కరెంటూ కదపలేదు. బాబాయిగారి వేళ్లు, మణికట్టు, మోచేయి, భుజం రోజూ రెండు పూటలా మెల్లగా పూర్తిగా ఆడించండి. రేపు ఏ వైద్యం వచ్చినా చెయ్యి దానికి సిద్ధంగా ఉండాలి.

ఇవాళ్టికి మాత్రం, మాట ఉన్న మనిషికి గొంతును మించిన పరికరం లేదు. ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టండి. అరచేతి చుట్టూ వెల్‌క్రో పట్టీ కట్టి దానిలో టచ్ తెరకు పనిచేసే స్టైలస్ దూర్చండి. భుజం, మోచేయి ఆడే సి5 మనిషి దాంతో ఫోన్ నొక్కగలుగుతారు. పట్టీ కింద చర్మం ఎర్రబడిందేమో గంటకోసారి చూడాలి, స్పర్శ లేనిచోట పుండు పడ్డా తెలియదు.

పనిలో పని: చెట్టు మీంచి పడ్డవాళ్లని లేపి కూర్చోబెట్టి ఆటో ఎక్కించకండి. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మూడు లక్షలు కడితే మెదడు చిప్ ప్రయోగంలో పేరు రాయిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. నమ్మొచ్చా?
— ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

జవాబు: వద్దు. క్లినికల్ ట్రయల్‌లో చేరడానికి రోగి డబ్బు కట్టడం ఉండదు. మన దేశంలో ట్రయల్ వివరాలు సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో, అందరూ చూడగలిగేలా ఉంటాయి. రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి, మీకు అర్థమయ్యే భాషలో అంగీకార పత్రం అడగండి. అడగ్గానే మనిషి మాయమవుతాడు.

ప్రశ్న: మేం భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థులం. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి అక్షరాలు ఎంచుకునే పీ300 స్పెల్లర్ చేస్తున్నాం. తెర మీద అంతా గజిబిజి గీతలే. తప్పెక్కడ?

జవాబు: ముందు తలనూనె మానేయండి. కొబ్బరినూనె రాసిన తల మీద జెల్ అంటదు, ఇంపెడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకి అడ్డు) దిగదు. షాంపూతో కడిగి, ఆరాక, పాయ తీసి జెల్ పెట్టి ఒక్కో ఎలక్ట్రోడ్ 10 కిలోఓమ్‌ల లోపుకి వచ్చేదాకా కదపండి. నుదుటి పట్టీ రకం హెడ్‌సెట్ ఈ పనికి రాదు, అది ఎక్కువగా కంటిరెప్పలనీ నుదుటి కండరాన్నీ పడుతుంది. మీకు కావలసిన పీ300 అల, అంటే చూస్తున్న అక్షరం మెరిసినప్పుడు మెదడులో లేచేది, నడినెత్తి నుంచి వెనకవైపు ఎక్కువగా ఉంటుంది. ఎలక్ట్రోడ్లు పెట్టే చోట్ల పేర్లు: ఎఫ్‌జెడ్, సీజెడ్, పీజెడ్, ఓజెడ్, పీ3, పీ4, పీఓ7, పీఓ8. పోల్చి చూసే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ చెవి దగ్గర.

గజిబిజి దట్టంగా, ఒకే లయలో ఉంటే అది ఇంటి 50 హెర్ట్జ్ కరెంటు రొద. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. అమెరికా కిట్లలో నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసేది) 60 మీద ఉండొచ్చు, చూసుకోండి. ఎలక్ట్రోడ్ సరిగా అంటకపోతే మాత్రం ఏ ఫిల్టరూ కాపాడదు. గీత మెల్లగా పైకీ కిందికీ ఈదుతుంటే అది చెమట. మన ఉక్కలో ఫ్యానో, ఏసీనో లేకుండా రికార్డింగ్ పెట్టుకోకండి.

ఇక లెక్క. 6×6 అక్షరాల గడుల్లో ఆరు అడ్డ వరసలు, ఆరు నిలువు వరసలు ఒక్కొక్కటే మెరుస్తాయి, అంటే ఒక విడతకి 12 మెరుపులు. చూస్తున్న అక్షరం వాటిలో రెండిట్లోనే ఉంటుంది. మెరిసిన 300 మిల్లీసెకన్ల ప్రాంతంలో లేచే అల కొద్ది మైక్రోవోల్టులే, చుట్టూ రొద దానికి ఎన్నో రెట్లు. అందుకే సగటు తీస్తారు. మెరుపు మెరుపుకీ 175 మిల్లీసెకన్లు, పది విడతలు అనుకుంటే ఒక్క అక్షరానికి 21 సెకన్లు. అంత ఓపికగా చూసినా అల కనిపించకపోతే టైమింగ్ అనుమానించండి. బ్లూటూత్ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసేయొచ్చు. మారుతూ ఉంటే సగటులో అల చెరిగిపోతుంది. తెర మూల గడి కూడా మెరిసేలా రాసి, అక్కడ ఫోటోడయోడ్ (వెలుతురు పట్టే భాగం) అంటించి, ఆ సంకేతాన్ని ఈఈజీతో (తల మీది నుంచి తీసే మెదడు సంకేతంతో) కలిపే రికార్డు చెయ్యండి. వెలుతురు పట్టే ఇంకో భాగం ఎల్‌డీఆర్ వాడకండి, చాలా నెమ్మది.

ప్రశ్న: మా అమ్మకి మోటార్ న్యూరాన్ జబ్బు. మాట పోయింది, చేతులు లేవవు. కళ్లు తిప్పుతుంది, అన్నీ అర్థమవుతాయి. తెలుగులో పనిచేసే మెదడు యంత్రం ఉందా?
— ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: ఇదే జబ్బుతో మాట పోయిన ఒకాయనకి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ బృందం 256 ఎలక్ట్రోడ్లు పెట్టి, ఆయన అనబోయిన మాటల్ని 97 శాతం సరిగా తెర మీదికి తెచ్చింది. 2024లో ప్రచురించారు. అది ఇంగ్లీషు ధ్వనుల మీద, ఇంగ్లీషు మాటల వరస మీద శిక్షణ పొందిన యంత్రం. తెలుగుకి ఆ పని మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి.

ఈ జబ్బులో కంటి కండరాలు సాధారణంగా చివరిదాకా నిలుస్తాయి. కాబట్టి ఈ వారమే కంటి పలక తయారుచేసుకోండి. ఏ3 సైజు పారదర్శక ప్లాస్టిక్ షీటు, మధ్యలో అరచేయంత కంత. అంచుల వెంట ఆరు గుంపులు, ఒక్కోదాంట్లో ఆరు: అ ఆ ఇ ఉ ఎ ఒ / క గ చ జ ట డ / త ద న ప బ మ / య ర ల వ స హ / శ ష ళ ణ ధ భ. ఆరో గుంపులో మాటలు: నొప్పి, ఉమ్ము తియ్యి, పక్కకు తిప్పు, దాహం, ఊపిరాడట్లేదు, తప్పు. గుంపులోని ఆరు చోట్లూ షీటు మీది ఆరు గుంపుల వరసలోనే ఉండాలి. మొదటి చూపు గుంపుని చెబుతుంది, రెండో చూపు ఆ గుంపులో ఎన్నోదో చెబుతుంది. రెంటికీ మధ్య అమ్మ కంతలోంచి మిమ్మల్ని చూడాలి, లేకపోతే చూపులు కలిసిపోతాయి.

పలకని మీ ఇద్దరి ముఖాల మధ్య, ఆవిడకి మూరెడు దూరంలో పట్టుకోండి. మీ వైపు నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, కాబట్టి షీటు వెనక అదే చోట అదే అక్షరం మళ్లీ రాసి అంటించండి. చాలా ఇళ్లలో పలక మూలపడేది ఇక్కడే. గుణింతాలు, వొత్తులు అడగొద్దు. "మ న వ డ" చాలు, "మనవడా?" అని మీరే అడగండి. అవునంటే కళ్లు పైకి, కాదంటే కిందికి. రెప్పపాటుని జవాబుగా పెట్టుకోవద్దు, రెప్ప దానంతటదే పడుతుంది. సగం మాటకే ఊహించి ఆవిడ నోటి మాట లాగేసుకోకండి. ముందే ఊహించొచ్చో లేదో మొదటిరోజే ఆవిడనే అడిగి తేల్చుకోండి.

తర్వాత ఐ ట్రాకర్ కొనాలనుకుంటే, ఆవిడ పడుకునే భంగిమలోనే పరీక్షించి కొనండి. తెర ముఖానికి సమాంతరంగా, సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టే స్టాండు కూడా ఉండాలి. అది పరారుణ కాంతితో పనిచేస్తుంది. మంచం పక్క కిటికీలోంచి ఎండ పడితే కంటిని పట్టుకోలేదు, మధ్యాహ్నం కర్టెన్ వెయ్యండి.